చివరి పేజీలో ముఖం

పాత దెయ్యాల బొమ్మల పత్రికలను మళ్లీ అచ్చు వేస్తున్న ప్రచురణకర్త దగ్గరకు అరవై దాటిన ఒకామె వచ్చింది. బల్ల మీదున్న ప్రూఫు కాగితం వైపు చూడకుండానే కూర్చుంది.

"ఈ చివరి పేజీ తీసేయండి బాబూ. ఇందులో దెయ్యం ముఖం నాది."

"మీదా?"

"చిన్నప్పుడు స్టౌ పేలి కాలింది. అన్నయ్య ఉన్నదున్నట్టు గీసేశాడు. బడిలో అందరికీ నేను దెయ్యాన్నే అయిపోయాను. ఆ తర్వాత అన్నయ్యతో మాట్లాడితే ఒట్టు."

"ఆయన ఏమీ అనలేదా?"

"బొమ్మ బాగా కుదిరిందన్నాడు. పోయేదాకా మా మధ్య అదే ఆఖరి మాట."

ప్రచురణకర్త పక్కనున్న పాత సంచిక తిరగేశాడు.

"అమ్మా, మిగతా పేజీలన్నీ విదేశీ బొమ్మలు. అప్పట్లో ఇక్కడ అచ్చు వేసినప్పుడు చివరి పేజీ దొరక్క మీ అన్నయ్యగారి చేత గీయించారు. ఆయన గీసినవాటిలో అచ్చయింది ఇదొక్కటే."

"ఇంటి నిండా బొమ్మలుండేవే?"

"వాటిని ఎవరూ అచ్చు వేయలేదమ్మా. ఇది తీసేస్తే ఆయన పేరు కూడా పోతుంది."

ఆమె కాగితం దగ్గరకు లాక్కుంది. ఆ బొమ్మను తేరిపార చూడటం ఇన్నేళ్లలో ఇదే మొదలు.

"వేయండి," అంది చివరికి. "అన్నయ్య పేరు కాస్త పెద్దక్షరాల్లో వేయండి. నాకు మాత్రం పుస్తకం పంపకండి."