చొక్కా మీది మూడక్షరాలు

అలబామాలో ఒక యూనివర్సిటీ. అమ్మాయిల సంఘం వాళ్ళ ఇంట్లో మేడ మీది గది, ఆదివారం మధ్యాహ్నం. నాలుగో ఏడాది చదువుతున్న కోరిన్ ఒళ్ళో చొక్కా పెట్టుకుని కూర్చుంది. ఆ సంఘంలో చేరే ప్రతి కొత్తపిల్లకూ ఒక అక్కను ఇస్తారు; మొదటి ఏడాది చదువుతున్న డార్సీకి అక్క కోరినే. డార్సీ తలుపు తట్టకుండా లోపలికి వచ్చేసింది.

"దాచకక్కా. చూసేశాన్లే."

"తలుపు కొట్టి రావాలని ఎవరూ నేర్పలేదా నీకు?"

"మా ఇంట్లో గదులకు తలుపులెక్కడివి, పరదాలే. అది నాదేగా?"

"ఏది?"

"నీ ఒళ్ళోది. అక్షరాలకు పీచ్ పళ్ళ బొమ్మల గుడ్డ. అదంటే ఇష్టమని నీకొక్కదానికే చెప్పా. కింద కొత్తపిల్లలందరికీ వాళ్ళ అక్కలు మన సంఘం పేరు మూడు గ్రీకు అక్షరాలూ చొక్కాల మీద కుట్టి ఇచ్చేశారు. మా అక్క ఇంకా ఇవ్వదేంటా అనుకుంటున్నా."

"డార్సీ, ఇప్పుడు వెళ్ళు. తర్వాత మాట్లాడదాం."

"ఎందుకంత కంగారు? ఓహో, కుట్లు విప్పుతున్నావా! వంకర పోయిందా?"

"ఆఁ. వంకర పోయింది."

"ఇటు తే. మా అమ్మ లాండ్రీ పక్క కొట్లో పాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చి నన్నింత దాన్ని చేసింది. నేను చూస్తే అరిగిపోతుందా?"

"వద్దన్నానా?"

"వద్దనలేదు, ఇవ్వనూ లేదు. తే... ఇదేం వంకరక్కా? మొదటి అక్షరం నిటారుగా ఉందే! అంచు చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు ఎంత దగ్గరదగ్గరగా పడిందో. మిషను ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నెల పట్టింది. సూది రెండుసార్లు వేల్లో దిగింది."

"నా కోసమా?"

"మరెవరి కోసం."

"మరి బాగున్నదాన్ని పట్టుకుని విప్పడమేంటి?"

"మధ్యది బాలేదు."

"మధ్యది ఊడదీసేశావుగా. ఇప్పుడు మూడోదాని మీద పడ్డావు. అలా పట్టి లాగకు, చొక్కాకు చిల్లు పడుద్ది. వెనకవైపు నుంచి రెండు కుట్లు కొయ్యి, నాలుగు వదులు. తర్వాత ముందు నుంచి దారం లాగితే అదే వస్తుంది. ఇలా చూడు—"

"నువ్వు విప్పకు."

"ఏం?"

"నువ్వు విప్పకు డార్సీ. నీ చేత్తో వద్దు. ఇలా ఇచ్చెయ్."

"సరే బాబూ, విప్పను. మళ్ళీ అతికిస్తా. ఇస్త్రీపెట్టె వేడిగానే ఉందిగా. వెనక అంటుకునే గుడ్డ ఇంకా పోలేదు, ఒక్క నిమిషం అదిమితే పట్టేస్తుంది. చుట్టూ ఒక వరస కుడితే అయిపాయె. సాయంత్రం అందరం ఇవి వేసుకుని ఫోటో దిగాలటగా?"

"ఎవరు చెప్పారు?"

"కింద అనుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారనుకో."

"ఆపేశారా?"

"ఈ వారమంతా అంతేగా. నేను పళ్ళెం తెచ్చుకుని కూర్చుంటే బల్ల ఖాళీ అయిపోతుంది. కోపం కదా, అదే తగ్గుద్దిలే అనుకున్నా. నువ్వున్నావుగా నాకు."

"డార్సీ, నిన్న సంఘంలో పై ఏడాదుల వాళ్ళ మీటింగ్ అయింది."

"దారం లేత పసుపా? పీచ్ రంగు మీద ఇది కలిసిపోతుందక్కా. కొంచెం ముదురుది పెట్టాల్సింది."

"డార్సీ, నీ గురించే."

"తెల్లది అస్సలు బాగోదు."

"ఫోను చేసినందుకు."

"...చెప్పు."

"యూనివర్సిటీ వాళ్ళు విచారణ పెట్టారు. తప్పు తేలితే ఈ ఇల్లు మూసేస్తారు. మా అమ్మమ్మ ఉన్న ఇల్లు, మా అమ్మ ఉన్న ఇల్లు. ముందు మాలో ఎవరికైనా చెప్పాల్సింది అన్నారు. పక్కకు తిప్పి పడుకోబెడితే గంటలో తేరుకునేది, తాగి పడిపోతే ఆ మాత్రానికి ఆంబులెన్సా అన్నారు."

"చెప్పా. ముగ్గురికి చెప్పా. పట్టపగలు, స్టేడియం బయట పార్టీ, ఇంకా ఫుట్‌బాల్ ఆటే మొదలవలేదు, పార్కింగ్ నిండా జనం. వాళ్ళొచ్చి ముందు చేసిన పనేంటో తెలుసా? ఒంటి మీది చొక్కా విప్పేశారు. మన అక్షరాలు వేసుకుని తాగినట్టు ఎవరి కంటా పడకూడదట. అది మడిచి సంచిలో పెట్టుకున్నాకే నీళ్ళు తెమ్మన్నారు. నేను నా కోటు కప్పా."

"ఆ సంగతి నాకు తెలీదు."

"నీకెలా తెలుస్తుంది."

"డార్సీ, నిన్ను తీసేశారు. ఇవాళ సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నారు. చెప్పే పని నాకు పెట్టారు. పొద్దుట్నుంచి ఇది విప్పుతూ కూర్చున్నా."

"ఎంతమంది చేతులెత్తారు?"

"అందరూ."

"అందరూ అంటే?"

"ఎత్తనివాళ్ళ పేర్లు రాసుకుంటామన్నారు. మీటింగ్ లోపలికి వెళ్తుంటే మా అమ్మ ఫోను, నా పరువు తియ్యకే అని. నేనొక్కదాన్ని చెయ్యి దించినా ఆగేది కాదు డార్సీ. నలభై మంది. నేనొక్కదాన్ని ఏం చెయ్యగలను?"

"అందరూ అంటే, అక్కా?"

"నేనూ ఎత్తాను."

"ఊఁ."

"అక్షరాలు విప్పి వాళ్ళకి అప్పగించాలి. ఉత్త చొక్కా నీకివ్వొచ్చన్నారు."

"మధ్యది అంటించేశానే. ఇప్పుడు లాగితే జిగురు మరక పడుద్ది."

"పడనీ. తిట్టు డార్సీ. ఏదో ఒకటి అను, అలా కూర్చోకు."

"తిట్టి ఏం చేస్తా. గది ఖాళీ చెయ్యాలి. అమ్మకు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా. కొట్లోకి వచ్చిన ప్రతివాళ్ళకీ నా ఫోటో చూపిస్తుంది, మా పిల్లకు సంఘం అక్షరాలు దక్కాయని. ఒక్కటి చెప్పు. నేను ఫోను చెయ్యకుండా ఉండాల్సిందా?"

"వాళ్ళేమంటారంటే—"

"వాళ్ళు కాదు. నువ్వు చెప్పు."

"నాకు తెలీదు. నిజంగా తెలీదు. కాసేపు ఆగి చూడాల్సిందేమో."

"ఎంతసేపు?"

"కాసేపు."

"ఆగాను. నీ ముక్కు దగ్గర వేళ్ళు పెట్టుకుని కూర్చున్నానక్కా. ఊపిరి తగల్లేదు."