మిషను మోటారిల్లు

1959 డిసెంబరులో ఒక పొద్దున. గురజాల దాటాక రేగడి బాట మీద మిషనువారి మోటారిల్లు ఒక చక్రం గుంటలో దిగి ఒరిగిపోయింది. లోపల ఇనుప మంచం మీద పాస్టరు జీవరత్నం, ఆయన తలాపున భార్య హన్నమ్మ, బండి కింద డ్రైవరు మహబూబ్.

“ఇరుసేనా మహబూబూ?”

“ఇరుసే అయ్యగారూ. రెండు ముక్కలయింది. నకరికల్లులో నీళ్ల ట్యాంకు కారిపోయె, పిడుగురాళ్లలో రాయి కోసుకుని టైరు చీలిపోయె, ఇక్కడ ఇరుసు. ఇంక దీంట్లో ఇరగటానికి మీరూ నేనే మిగిలాం.”

“మాచర్ల దాకా ఎట్టాగన్నా పోలేమా? అక్కడ క్రిస్మస్ కూటాలకు పందిరి కూడా వేశారంట.”

“ఎద్దుల్ని కట్టి గురజాలకు ఈడ్చుకుపోవచ్చు. మాచర్ల సంగతి మర్చిపోండి.”

“చూశావా హన్నమ్మా. సైతాను మన మీద పగబట్టాడు.”

“సైతాను సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు పడుకోండి. రాత్రినుంచి కక్కుతానే ఉన్నారు. ఒళ్లు పెనంలా కాలతంది.”

“కాసిని నీళ్లియ్యి.”

“లేవు.”

“ట్యాంకుకు మాటేశారు గదా, దాంట్లో చూడు.”

“ట్యాంకులో చుక్క లేదు. ఊళ్లోకి పోయి తెస్తా.”

“వద్దు. కాచిన నీళ్లయితేనే ఇయ్యి, లేకపోతే వద్దు. ఇంత జాగ్రత్తగా ఉంటేనే ఇట్టా అయింది. మిషను దొరసాని బండి అప్పజెప్పేటప్పుడు ఏం చెప్పింది? పల్లెల్లో నీళ్లు తాగితే కాల్లో పురుగు చేరి నారిపుండు లేస్తది, ఎవరింటా తినొద్దు, ఎవరింటా పడుకోవద్దు అంది. అక్షరాలా అట్టాగే నడుచుకున్నానా, లేదా?”

“నడుచుకున్నారు.”

“మరి ఈ రోగం ఎక్కణ్ణించి వచ్చింది?”

“దొరసాని ఇచ్చిన డబ్బా చేపలోంచి వచ్చింది. మూత తియ్యగానే కంపు కొట్టింది, పారేద్దామన్నాను. సీమ సరుకు చెడుద్దా అని మీరొక్కరే డబ్బా మొత్తం నాకారు.”

“అది కాదులే. నీళ్లే. ఎక్కడో ఏదో తేడా వచ్చుంటది.”

“నీళ్లయితే మీరు మొదటి వారమే మంచం పట్టాల.”

“అంటే?”

“ఏం లేదులెండి.”

“ఏం లేదంటే ఏంది? మహబూబూ, ఏందిది?”

“నేను బండి కింద ఉన్నా అయ్యగారూ. నాకిక్కడ ఏం వినపడదు.”

“వినపడకపోతే ఎట్టా పలికావు?”

“ఆయన్నెందుకు అడుగుతారు, నేనే చెప్తా. నకరికల్లులో మాటేసేలోపే ట్యాంకులో నీళ్లన్నీ కారిపోయినై, మీకు చెప్పలా. అప్పటినుంచి ఏ పల్లెలో ఆగితే ఆ పల్లెలో ఇళ్లల్లోంచి నీళ్లు తెచ్చి పెడతన్నా.”

“కాచి గదా?”

“కాస్తే అన్నం వండటానికి కిరసనాయిలు మిగల్దు. కాచలా.”

“అంటే ఇన్నాళ్లూ నేను తాగింది…”

“వాళ్ల కుండల్లో నీళ్లే. మిషను నీళ్లు మిషను నీళ్లే, ఆ రుచే వేరు అని రెండో గ్లాసు కూడా అడిగి తాగారు.”

“నేను తాగుతున్నట్టు వాళ్లకు తెలుసా?”

“తెలియదు. మీరు అందరిముందూ వద్దు వద్దన్నాక నేనేం మొహం పెట్టుకుని అడిగేది? మోటారుకు పొయ్యాలని చెప్పి తెచ్చా.”

“అయ్యో హన్నమ్మా.”

“పాపం బిందెలు బిందెలు మోశారు. మన నీళ్లు మోటారు తాగుద్ది, అయ్యగారు తాగడు అనుకోని ఉంటారు.”

“అనుకోవటమేంది అమ్మగారూ, నాతోనే అన్నారు. మొదటి రోజు కూటానికి అందరూ వచ్చేది, రెండో రోజు ముసలమ్మలన్నా రాకపోయేది. ఎందుకనుకున్నారు?”

“చలికి రాలేదు మహబూబూ. చలి అట్టా ఉంది.”

“చలికి కాదయ్యా. పిడుగురాళ్ల కాడ ఒక ముసలాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. సాయిబూ, మీ అయ్యగారు ఏ కులంలోంచి కిరస్తానంలో కలిశాడు, బాపనాయనా అని.”

“నేనూ వాళ్లలో వాణ్ణేనని చెప్పకపోయావా?”

“చెప్పా. నమ్మలా.”

“నేను చేసింది వాళ్ల మంచికి. అయ్యగారు వచ్చాడంటే ఉన్న ఒక్క కోడీ కోస్తారు, ఉన్న ఒక్క మంచం ఇచ్చి వాళ్లు నేల మీద పడుకుంటారు. వాళ్లకు బరువు కాకూడదని గదా మన తిండి మనం, మన పడక మనం తెచ్చుకుంది.”

“ఆ కోళ్లు ఎట్టాగూ కోశారయ్యా. మీరు దిగి రాలేదని నాకు పెట్టారు. కొయ్యటం నేనే బిస్మిల్లా అని కోశా కాబట్టి నాకూ పేచీ లేకుండా పోయింది. పోయిన నెల కన్నా లావయ్యా గూడా.”

“నవ్వకు హన్నమ్మా.”

“నవ్వటంలా. ఏడవలేక.”

“సరే, ఇంతకీ ఇది ఏ ఊరి పొలిమేర? ఆ తాటిచెట్లు ఎక్కడో చూసినట్టుంది.”

“తెలిసి అడుగుతారేంది.”

“మహబూబూ, మెటలు రోడ్డునే పొమ్మన్నాను గదా నిన్ను. ఈ రేగట్లోకి ఎందుకు తిప్పావు?”

“అమ్మగారు తిప్పమన్నారు.”

“నేనే తిప్పమన్నా. మీరు కళ్లు మూసుకున్నప్పుడు. అదే మీ పల్లె. ఆ చివర పొగ లేస్తందే, అది పిచ్చమ్మ వదిన ఇల్లు.”

“తిరుగు ప్రయాణంలో వద్దామనుకున్నాను.”

“పోయిన చలికాలం అదే మాట. అంతకుముందు చలికాలం అదే మాట. మన పెద్దాడు చంకలో ఉన్నప్పుడు వచ్చాం, వాడికిప్పుడు మీసాలొచ్చినై.”

“కుదరలేదే. ఒకచోటా నా పని?”

“మీ అమ్మ పోతే మిమ్మల్ని సాకిందెవరు?”

“అక్క.”

“పెళ్లి వద్దని, కూలికి పోయి, మిమ్మల్ని బోర్డింగు బళ్లో ఉంచిందెవరు?”

“అక్కేలే. నాకు తెలియదా? ఎందుకట్టా పొడుస్తావు?”

“మరి ఎందుకు పోరు?”

“సిగ్గుతో పోలేదు హన్నమ్మా. ఆమె ఈ వయసులో కూడా ఎవరి చేలోనో మిరపకాయలు కోస్తంది. నేను బూట్లేసుకుని, తెల్ల కోటేసుకుని ఆ గుమ్మంలో నిలబడి ఏం వాక్యం చెప్పను? ఏటికేడు ఇంకా కష్టమైపోయింది. ఈ బండి వచ్చాక, పైనుంచే చెయ్యి ఊపి పోవచ్చు గదా అనిపించింది. అదీ నిజం.”

“ఇప్పుడన్నా పోదాం. కాళ్లు పట్టుకుంటారో, చేతులు పట్టుకుంటారో మీ ఇష్టం.”

“లేవలేను. కళ్లు తిరుగుతున్నై. నువ్వు పోయి పిలువు. తమ్ముడు నీ చేతి గంజి తాగాలంటున్నాడని చెప్పు. నీ మంచంలో పడుకుంటానంటున్నాడని చెప్పు. మహబూబూ, నువ్వన్నా పో.”

“పోనక్కర్లా అయ్యగారూ. ఆమె ఎవరో నెత్తిన కుండ పెట్టుకుని ఇటే వస్తంది.”

“వదినే. ఏమండీ, వదినే. రా వదినా, రా.”

“బాగున్నావా హన్నమ్మా? పిల్లలు బాగుండారా? అయ్యగారి మోటారు మన బాటలో కూలబడిందన్నారు. బండికి నీళ్లు కావాల్సి వచ్చుద్దని పై పల్లెలోళ్లు కబురంపారు. అందుకని తెచ్చా. ఎక్కడ పొయ్యాలో ఆ సాయిబును చెప్పమను.”

“బండికి కాదక్కా. నాకు.”

“మీకా? మీరు తాగరంట గదా.”

“మీరేంది అక్కా. నేను రత్నాన్ని. జరమొచ్చి పడున్నా. నాలుక ఎండిపోతంది. లోపలికి రా, వచ్చి ఇట్టా నా పక్కన కూర్చో.”

“కాళ్లనిండా రేగడి ఉంది. తెల్ల దుప్పట్లు పరుచుకున్నారు. నేనిక్కడే ఉంటాలే.”

“దుప్పట్లు పోతే పోనీ. నా మీద కోపమా?”

“కోపమేంది, పిచ్చి కాకపోతే. మా పిల్లోడు ఇంతవాడయ్యాడని ఊరంతా చెప్పుకుంటా. జరమా? ఎప్పటినుంచి? పెదాలు ఎట్టా పగిలినయ్యో చూడు.”

“ఏమీ వద్దు, నీ చేత్తో ముందు నీళ్లియ్యి. హన్నమ్మా, ఆ గ్లాసు అందుకో. అక్కా, ఇదిగో, దీంట్లో పొయ్యి.”

“గ్లాసెందుకులెండి, నా కుండ తగిలితే మళ్లీ కడుక్కోవాల. దోసిలి పట్టండి అయ్యగారూ, పైనుంచి పోస్తా. కరణంగారి బావికాడ మనిద్దరికీ పోసేవాళ్లు గదా, అట్టా.”