తుడిచిన గొట్టం

1975 ఏప్రిల్. కోర్దొబాలో మా అద్దెగదుల ఇంట్లో, పక్కదేశం బొలీవియా నుంచి చదువుకోడానికొచ్చిన కుర్రవాడు మూడోవారానికే పెట్టె సర్దుకుంటున్నాడు. ఇంటావిడని కదా, వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

“ఎక్కడికయ్యా, ఒక్క పరీక్షయినా రాయకుండా?”

“ఇంటికి, సెన్యోరా. ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడటం లేదు.”

“నువ్వేం చేశావు?”

“ఏమీ లేదు. మొదటిరోజు క్లాసువాళ్ళంతా గుండ్రంగా కూర్చుని మాతే కషాయం తాగుతూ నాకూ ఇచ్చారు. మళ్ళీ పిలవలేదు.”

“తాగావా?”

“పీల్చే గొట్టం శుభ్రంగా తుడుచుకుని మరీ తాగాను.”

“తుడిచావా! ఓరి పిచ్చి నాయనా! వాళ్ళ ఎంగిలంటే నీకు అసహ్యమనుకున్నారు. ఇక్కడ అందరికీ ఒకటే గొట్టం.”

“మా అమ్మ అలాగే నేర్పింది.”

“ఆవిడని నేనేమీ అనడం లేదు. ఇవాళ వెళ్ళి వాళ్ళ మధ్యన కూర్చో. తుడవకుండా తాగు.”

“నవ్వుతారేమో?”

“నవ్వనీ. నీ మొహం చూసి ఇన్నాళ్ళూ నవ్వనైనా లేదుగా.”

“అయితే ఉండమంటారా?”

“ఉండు నాయనా.”

ఉన్నాడు. నెల తిరక్కుండా వాళ్ళలో ఒకడైపోయాడు. మరుసటి ఏడాది ఇక్కడ సైన్యం గద్దెనెక్కి, విద్యార్థుల్ని అనుమానించసాగింది. 1976 జూన్ తొమ్మిది, బుధవారం నాడు సైనికులు అతనితో సహా ఆ స్నేహితులందరినీ ఒకే గదిలోంచి పట్టుకెళ్ళారు. అతను తిరిగి రాలేదు.