మీ తాత చూసిన రెండు స్వింగులు

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. కొంచెం దూరంగా పెట్టవే, మరీ దగ్గరికి పెడితే నాకు బొమ్మ అలికినట్టుంటుంది. ఆఁ, ఇప్పుడు కనబడుతోంది. ఇటొకడు, అటొకడు, ఇద్దరూ ఒకేసారి కర్ర ఎత్తుతున్నారు. ఈ గీతలన్నీ నువ్వే గీశావా? భుజం దగ్గరొకటి, నడుం దగ్గరొకటి, దర్జీ కొలతలు తీసినట్టుంది. ఇద్దరిలో ఎవరు పైకొస్తారో చెప్పమంటే నేనేం చెప్తానే తల్లీ. ముప్ఫై నాలుగేళ్ళు ఆ గోల్ఫు మైదానంలో గడ్డి కోసే బండి నడిపినవాణ్ణి. ఎవరు కొడితే బంతి వచ్చి నా బండికి తగులుతుందో అది మాత్రం చెప్పగలను. ఇలాంటివి మీ తాతని అడగాలి. నువ్వు పుట్టకముందే పోయాడాయన, ఇంకేం అడుగుతావు.

నీకు తాత, నాకు బావ. మా అక్క మొగుడు. మైదానం పక్కన రేకుల షెడ్డులో కర్రలు బాగుచేసేవాడు, ఇప్పుడు మీ అమ్మ కూర్చునే షెడ్డే. కర్ర పట్టుకునే చోట ఉండే పాత రబ్బరు పట్టు చాకుతో కోసి తీసేయడం, టేపు చుట్టడం, థిన్నరు పోసి కొత్తది ఎక్కించడం. ఒంటినిండా ఆ థిన్నరు వాసనే. మా అక్క ఆయన చొక్కాలు విడిగా నానబెట్టేది. మాటలు తక్కువ. మామూలుగా తక్కువ కాదు, పెళ్ళయిన కొత్తలో నేను ఆయన మూగవాడేమో అనుకుని రెండు రోజులు సైగలు చేశాను. మూడో రోజు "నాకు వినబడుతుంది బావమరదీ" అన్నాడు. అదీ మనిషి. కానీ ఎవడి పట్టు ఊడదీసినా, అరిగిన చోటు బొటనవేలితో తడిమి, వీడి బంతి కుడికి పోతోంది, వీడికి భయం ఎక్కువ, వీడు ఇంకో ఏడాదిలో ఆట మానేస్తాడు, ఇలా చెప్పేసేవాడు. మానేసేవాళ్ళు కూడా.

ఏం చెబుతున్నాను? ఆఁ, స్వింగు, కర్ర ఊపే తీరు. మీ అమ్మ ఆడేదని నీకు తెలుసా? చెప్పలేదా? చెప్పదులే. పద్నాలుగేళ్ళప్పుడు మీ అమ్మ కర్ర ఎత్తితే నేను బండి ఆపి చూసేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, అందరూ అంతే. ఎక్కడా కుదుపు లేదు, నీళ్ళు ఒంపినట్టు వెనక్కి వెళ్ళి, అలాగే ముందుకొచ్చి, చివర్లో అలా నిలబడేది. కోచ్ ఒకాయన ఉండేవాడు, ప్యాంటుకి ఇస్త్రీ మడత చెడకుండా రోజంతా నిలబడే మనిషి. ఆయన కొత్తగా చేరినవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి, "చూడండి, ఇదీ స్టైలంటే. తల కదిలిందా? కదల్లేదు" అని మీ అమ్మని చూపించేవాడు.

అదే ఈడుది ఇంకో పిల్ల ఉండేది. వాళ్ళమ్మ హోటల్లో దుప్పట్లు ఉతికేది. ఈ పిల్ల కర్ర ఎత్తితే అచ్చం తడి దుప్పటి దులిపినట్టే. కర్ర పైకి వెళ్ళేది ఒక దారి, కిందికొచ్చేది ఇంకో దారి, మధ్యలో మోచెయ్యి ఎక్కడికో పోయేది. అందరూ దుప్పటి పిల్ల అనేవాళ్ళు. ఆ పిల్ల కూడా తనని తాను అలాగే అనుకునేది, కోపం లేదు పాపం. కోచ్ ఆ పిల్ల కొడుతుంటే మొహం పక్కకి తిప్పుకునేవాడు.

ఆ ఏడు క్లబ్బువాళ్ళు ఒక పిల్లని పెద్ద శిక్షణ కేంద్రానికి పంపిస్తామన్నారు. రెండేళ్ళు అక్కడే ఉండి నేర్చుకోవాలి. ఒక్కరే. ఎంచడానికి ముగ్గురు, సెక్రటరీ, కోచ్, మీ తాత. మీ తాతని ఎందుకు వేశారంటే, సెక్రటరీ కర్ర పట్టు చూసి "మీకు మోకాలు నొప్పి మొదలవుతోంది సార్" అన్నాడట ఒకసారి, అప్పట్నుంచి ఆయనకి మీ తాత మాటంటే గురి. మా అక్క అప్పుడే మీ అమ్మకి పెట్టె సర్దడం మొదలెట్టింది. స్వెట్టరు కూడా అల్లుతోంది. నాకూ అనుమానం లేదు. ఎవరికుంటుంది?

మీ తాత ఏం చేశాడంటే, మూడు రోజులు పొద్దున్నే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి కొట్టించాడు. మొదటి రోజు చుట్టుపక్కల ఎవరూ లేరు. రెండో రోజు కోచ్‌ని పిలిచాడు. మూడో రోజు సెక్రటరీని, నన్ను, వంటగదిలో పనిచేసేవాళ్ళని, దారిన పోయేవాళ్ళని కూడా. తను మాత్రం బంతి ఎక్కడ పడిందో చూడలేదు. నేలమీద కూర్చుని వాళ్ళ చేతులే చూశాడు. తర్వాత ఇద్దరి కర్రలూ షెడ్డుకి పట్టుకెళ్ళి పట్లు ఊడదీశాడు. నన్ను పిలిచి చూపించాడు. దుప్పటి పిల్ల పట్టుమీద బొటనవేలు పెట్టిన చోట చిన్న గుంట, ఉండకూడని చోట ఉంది, కానీ ఒక్కటే గుంట. మీ అమ్మదాని మీద నాలుగైదు చోట్ల పల్చగా అరిగింది. "ఏంటి బావా ఇది?" అన్నాను. "కోచ్ వస్తే ఒకలా పట్టుకుంటోంది, నువ్వొస్తే ఒకలా. ఎవరు చూస్తుంటే వాళ్ళకి నచ్చేలా కొడుతోంది. ఆ రెండో పిల్ల ఎవరూ లేనప్పుడు ఎలా కొట్టిందో, అందరూ ఉన్నప్పుడూ అలాగే కొట్టింది" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట అదే మొదలు.

మీటింగు జరుగుతుంటే నేను బయట బండికంటిన గడ్డి దులుపుతున్నట్టు నిలబడ్డాను. కోచ్ మీ అమ్మ పేరు చెప్పాడు. సెక్రటరీ ఎటూ చెప్పలేక మీ తాత వైపు చూశాడు. ఈయన దుప్పటి పిల్ల అన్నాడు. కోచ్ కుర్చీలోంచి లేచి, "అవతలున్నది నీ కూతురయ్యా" అన్నాడు. మీ తాత, "అందుకే రెండుసార్లు చూశాను సార్" అన్నాడు. అంతే, అయిపోయింది.

ఇంట్లో మా అక్క అరవలేదు, ఏడవలేదు. మాట మానేసింది. నలభై రోజులు. నేను భోజనానికి వెళ్తే, ఆయన ఎదురుగానే కూర్చుని ఉంటాడు, "తమ్ముడూ, మీ బావకి ఇంకాస్త కావాలేమో అడుగు" అనేది. నేను అడగాలి, ఆయన నాకు చెప్పాలి, నేను అక్కకి చెప్పాలి. ఆ నలభై రోజుల్లో నేను సరిగ్గా తిన్నది లేదు. అల్లుతున్న స్వెట్టరు పూర్తిచేసి ఆ దుప్పటి పిల్లకే ఇచ్చేసింది. ఎందుకిచ్చావే అంటే "కొలత సరిపోయింది" అంది. మీ అమ్మ మాత్రం వారం రోజులు మైదానం ఆ చివరకెళ్ళి, ఒక్కతే, ఎవరూ చూడకుండా కొట్టింది. నేను బండి అటు తీసుకెళితే ఆపేసేది. ఎనిమిదో రోజు షెడ్డులోకొచ్చి స్టూలు లాక్కుని కూర్చుని, "నాన్నా, టేపు ఎలా చుట్టాలో చూపించు" అంది. ఆయన చూపించాడు.

ఆ పిల్లా? అక్కడికెళ్ళాక ఇదిగో నువ్వు చేసినట్టే సినిమా తీసి, పెద్ద పెద్ద ఆటగాళ్ళ పక్కన పెట్టి, మోచెయ్యి సరిచేశారు. దాంతో బంతికే తగలడం మానేసింది కర్ర. ఏడాది తిరక్కుండా ఇంటికొచ్చేసి షెడ్డు ముందు నిలబడింది. మీ తాత తన కర్రే ఒకటి చేతికిచ్చి, "దుప్పటి దులుపు" అన్నాడు. దులిపింది. మళ్ళీ వెళ్ళింది. పోటీల్లో ఒకసారి మూడోదిగా వచ్చింది, ఒకసారి మొదటిదిగా, మిగతా అన్నిసార్లూ ఏదో మధ్యలో. ఇప్పుడెక్కడో బళ్ళో ఆటలు నేర్పుతోందట. గొప్పదనీ అనలేం, పనికిరాలేదనీ అనలేం. నీ లెక్క సరైందా తప్పా అని సెక్రటరీ ఒకసారి అడిగితే, మీ తాత, "ఒక్కరినే పంపాం కదండీ. రెండో అమ్మాయిని పంపి ఉంటే కదా తెలిసేది" అన్నాడు.

ఆఖరి ఏడాది ఆయనకి చేతులు వణికేవి. చాకు పట్టుకోలేడు. మీ అమ్మే పని అంతా చేసేది, ఈయన పక్కన కూర్చుని టేపు చుట్ట అందించేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నేనూ ఉన్నాను, బండి బ్లేడు సాన పట్టించుకోవడానికి వెళ్ళాను. మీ అమ్మ తలెత్తకుండా, ఎప్పటి పనో గుర్తొచ్చినట్టు, "నన్నెందుకు పంపలేదు నాన్నా?" అంది. పన్నెండేళ్ళ తర్వాత. ఆయన, "నిన్ను చూసి ఉంటే నిన్నే పంపేవాణ్ణమ్మా. నేను చూసింది నీ స్వింగు" అన్నాడు. మీ అమ్మ పట్టు ఎక్కించడం పూర్తిచేసి, గుడ్డతో తుడిచి, గోడకి ఆనించింది. అప్పుడంది, "అది కూడా నేనే కదా నాన్నా."

ఆయన ఇంకో టేపు చుట్ట అందించాడు.

ఆ కిటికీ వెయ్యి తల్లీ, దోమలొస్తాయి.