అంచు కోసిన ఫోటోలు

మెక్సికోలోని సొనోరాలో ఎండాకాలం మధ్యాహ్నం. అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఓబ్దూలియా వంటింట్లో కూలరుకి గోలెక్కువ, గాలి తక్కువ. కనబడకుండా పోయిన కొడుకుల కోసం పారలు పట్టుకుని ఎడారి తవ్వే తల్లుల్లో ఆవిడా ఒకరు. తవ్వినచోట దొరికిన బట్టలనీ బూట్లనీ ఎవరైనా చూసి గుర్తుపడతారని, ఆ ఫోటోలు పెట్టడానికి నెరేయ్‌దా అనే అమ్మాయి వాళ్లకి డబ్బు తీసుకోకుండా ఒక వెబ్‌సైటు కట్టిపెడుతోంది. ఇవాళ దాన్ని చూపించడానికి వచ్చింది, కాకపోతే అన్నీ చూపించాలని మాత్రం రాలేదు.

"ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది తల్లీ. వరసకి నాలుగు, ముచ్చటగా ఉంది. మరి నా ఫోన్లో ఇలా ఏడ్చిందేం?"

"ఫోన్లో వరసకి రెండే వస్తాయి దోన్యా. తెర చిన్నది కదా. ఎంత చోటుంటే అంతలో సైటే సర్దుకుంటుంది."

"సర్దుకుంటే సర్దుకుంది. ఈ బూటుకి మడమేదీ?"

"ఏ బూటు?"

"ఇదిగో. మాతో వచ్చే ఎర్లిందా తవ్వి తీసిన బూటు. మడమ లేదు, ముక్కు లేదు. మధ్యలో లేసులు మాత్రం ఉన్నాయి. లేసులు చూసి ఎవరు గుర్తుపడతారు?"

"అదా... డబ్బా చదరంగా ఉంటుంది దోన్యా, ఫోటో పొడుగ్గా ఉంటుంది. అందుకని డబ్బా మధ్య భాగాన్ని పట్టుకుంటుంది. అటూ ఇటూ మిగిలింది పోతుంది."

"పోతుందంటే?"

"అంటే, పోదు. ఉంటుంది. కనబడదంతే."

"మావాడి గురించి అడగడానికి వెళ్తే, ఆఫీసులో బల్ల వెనకాల కూర్చున్నవాడు కూడా నాతో అదే అన్నాడు. ఎక్కడో ఉండే ఉంటాడమ్మా, కనబడట్లేదంతే అని."

"అయ్యో, నేను అలా అనలేదు..."

"నువ్వనలేదులే. కాఫీ తాగు, చల్లారిపోతోంది. కొయోతా తిను. లోపల బెల్లం ఎక్కువే పెట్టాను."

"తింటాను. చూడండి, ఫోటో మీద వేలు పెడితే పూర్తిది తెరుచుకుంటుంది. ఇదిగో మడమ."

"ఆఁ, ఇప్పుడు కనబడింది. మేకు కొట్టిన మడమ. అసలు గుర్తు అదే కదే! మరి వేలు పెట్టాలని ఎర్లిందాకి తెలుసా?"

"చెబుదాం."

"ఎంతమందికి చెబుతావు? పక్క రాష్ట్రం సినలోవాలో ఎక్కడో కూర్చుని చూసుకునే తల్లికి ఎవరు చెబుతారు? ఆవిడ ఇలా తోసుకుంటూ పోతుంది. లేసులు చూస్తుంది, మావాడివి కావనుకుంటుంది, పోతుంది. ఆ బూటు మళ్లీ మట్టిలోకి పోయినట్టే."

"ఫోను అడ్డంగా తిప్పి చూస్తే కొంచెం..."

"నేను తలకిందులుగా నిలబడి చూస్తే? ఏం మాటలు పిల్లా ఇవి. ఎక్కడ దొరికిందో ఫోటో కింద రాశావు కదా, అదీ లేదు ఇక్కడ."

"చిన్న తెరలో ఇరుగ్గా ఉంటుందని ఆ రాతలు దాచేశాను."

"దాచేశావు."

"అంటే, డిజైన్‌లో అలా చేస్తారు దోన్యా. అందరూ చేస్తారు."

"అందరి సంగతీ నాకెందుకు. ఇంకెలా పెట్టొచ్చో చెప్పు."

"ఇంకో పద్ధతుంది. ఇటుకలు పేర్చినట్టు. ఏ ఫోటో ఎంత పొడుగుంటే అంత పొడుగు, దేన్నీ కొయ్యదు."

"అదే పెట్టెయ్యి."

"వరస తప్పిపోతుంది కానీ. ఒక నిలువు పైనుంచి కిందకి నిండాక, మళ్లీ పైనుంచి ఇంకోటి. నిన్న దొరికింది పైనుంటుంది, మొన్న దొరికింది ఎక్కడో అడుగున పడుతుంది. చూసేవాళ్లకి తికమక."

"సరే, అది వద్దు. ఇంకోటి?"

"వరసకి ఒక్కటే. పూర్తి ఫోటో, కింద రాత. కానీ బోలెడు పొడుగైపోతుంది. తోసీ తోసీ వేళ్లు నొప్పెడతాయి."

"పారలు పట్టే వేళ్లే ఇవి. నొప్పెట్టవులే."

"బరువు కూడా దోన్యా. మీరు తవ్వే చోట సిగ్నల్ అంతంత మాత్రం. పెద్ద ఫోటోలైతే తెరుచుకునేసరికి పొద్దుపోతుంది."

"చిన్న ఫోనుకి అదే ఫోటో చిన్నది చేసి పంపించొచ్చని పోయిన వారం ఎవరు చెప్పారు? నువ్వా, మీ అమ్మా?"

"నేనే."

"అంచులు కొయ్యకుండా?"

"కొయ్యకుండానే."

"మరి?"

"మరి... నేను వాడింది రెడీమేడ్ కిట్. వరసలూ డబ్బాలూ అన్నీ ముందే కుట్టేసి ఉంటాయి. మనం ఫోటోలు తెచ్చి పడెయ్యడమే. మార్చాలంటే మొత్తం విప్పి చేత్తో రాయాలి."

"విప్పు."

"టైం పడుతుంది దోన్యా."

"నా దగ్గర టైం తప్ప ఇంకేముంది? మికాయెలాకీ అంతే పాపం. వాళ్లబ్బాయి ఎముకలు దొరికాక మళ్లీ మాతో తవ్వడానికి రాలేదు, చూశావా?"

"అసలు రాలేదా?"

"బిడ్డ దొరికినవాళ్లు రారు తల్లీ. ఒకట్రెండు సార్లు బీన్స్ వండి పంపించింది. పార మాత్రం గోడకి ఆనించే ఉంది. తప్పుపట్టట్లేదు. పొద్దున్నే లేచి ఎవరి కోసమని వస్తుంది? ఇప్పుడు ఇంట్లో కూర్చుని గోడ చూస్తుందట, వాళ్ల చెల్లెలు చెప్పింది. నాకైతే... ఇంకో కప్పు పొయ్యనా?"

"వద్దు దోన్యా."

"నాకైతే పొద్దున్న లేస్తే వెళ్లడానికో చోటుంది. అంతే. సరేగానీ, ఈ చొక్కా చూపించు."

"ఏ చొక్కా?"

"నీలం చొక్కా. ఇప్పుడే వచ్చింది. నువ్వు వేలేసి తోసేశావు."

"పొరపాటున తగిలింది."

"వెనక్కి తే."

"నీలం చొక్కాలు చాలా ఉన్నాయి దోన్యా. చేపల ఫ్యాక్టరీలో అందరికీ అవే ఇస్తారు, ఏదో ఒకటి..."

"తే అన్నాను."

"ఇదిగో."

"దీన్నెందుకు ఇలా కోశావు?"

"నేను కొయ్యలేదు. చెప్పాను కదా, డబ్బా..."

"డబ్బా మధ్యది పట్టుకుంటుందన్నావు. బూటుకి అటూ పోయింది, ఇటూ పోయింది. దీనికి ఎడమ చెయ్యి మొత్తం ఉంది. చెయ్యి పక్కన బోలెడు మట్టి కూడా ఉంది. కుడి పక్కే లేదు."

"ఒక్కోదానికి ఒక్కోలా వస్తుంది."

"రాలేదు. నువ్వు కాఫీ తాగుతుంటే అన్నీ చూశాను. ఎవరో చెబితే తప్ప డబ్బా ఇలా కొయ్యదు. అవునా, కాదా?"

"దోన్యా, ముందు ఆ బూటు సంగతి చూద్దాం..."

"నెరేయ్‌దా."

"ఆఁ."

"నిన్నే అడుగుతున్నాను."

"వేలు పెట్టకండి! పెట్టకండి దోన్యా, పెట్టినా తెరుచుకోదు. దానికొక్కదానికి తీసేశాను."

"ఎందుకు తీసేశావు?"

"ఫోటోలన్నీ అందరి ఫోన్లలోంచీ ఒకే చోటికి వచ్చి పడతాయి. ఎవరు తీశారో కూడా తెలీదు. నేను ఒక్కోటీ తెరిచి చూసి ఎక్కిస్తాను. దాన్నీ అలాగే తెరిచాను. తెరిచి... లేచి వీధిలోకి వెళ్లి ఎండలో నిలబడ్డాను."

"ఎప్పుడు?"

"ఈస్టర్ ముందు."

"అప్పట్నుంచీ తెలుసా?"

"అప్పట్నుంచీ. వచ్చిన ప్రతిసారీ చెబుదామనే వస్తాను. మీరు కాఫీ పెడతారు, ఏదో అని నవ్విస్తారు. నేను వరసకి ఎన్ని పెట్టాలి, డబ్బా ఎంతుండాలి అని వాగి వెళ్లిపోతాను. కిట్టూ లేదు, బరువూ లేదు దోన్యా. అంతా ఒక్క పూటలో విప్పి రాసెయ్యగలను. అబద్ధాలాడాను. పూర్తి ఫోటోలు పెడితే అది కూడా పూర్తిగా పెట్టాలి. ఒక్కదాన్నే కోస్తే ఎందుకు కోశావని అడుగుతారు. అందుకని అన్నిటినీ కోసేశాను."

"బూటు కూడా అందుకేనా?"

"బూటు కూడా."

"ఆ మడమ తెలిసిన తల్లి ఈపాటికి దాన్ని దాటుకుని వెళ్లిపోయి ఉంటుంది."

"తెలుసు. అది తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు. తిట్టండి దోన్యా. కొట్టినా సరే."

"కొట్టి ఏం చేస్తాను. ఆ కుడి పక్కన ఏముందో చెప్పు."

"జేబు."

"ఊఁ."

"ఆకుపచ్చ దారంతో కుట్టిన జేబు. మీరెప్పుడూ చెబుతారు కదా. మీ అబ్బాయి ఎవెరార్దోకి షిఫ్టు టైమైపోతోంది, నీలం దారం అయిపోయింది, చేతికందిన దారంతో కుట్టేశాను, వాడు చూసి అమ్మా, జేబుకి గడ్డి మొలిచిందే అని నవ్వుకుంటూ వెళ్లాడని..."

"మేకలొచ్చి మేసేస్తాయేమో అన్నాడు. అది కూడా అన్నాడు."

"సగం జేబే పడింది ఫోటోలో, అంచు మీద. అయినా కుట్టు తెలుస్తోంది. మీకు తెలియకూడదని కాదు దోన్యా. నా నోటితో చెప్పలేకపోయాను. చెబితే మీరు... మీ పార కూడా గోడకి ఆనించేస్తారేమోనని భయమేసింది."

"ఏడవకు. ముక్కు తుడుచుకో. అన్నీ విప్పెయ్యి. వరసకి ఒక్కటి, కింద రాతతో సహా. పొడుగైతే పొడుగైంది. ఎర్లిందా బూటు అన్నిటికన్నా ముందు పెట్టు."

"ఇవాళే పెడతాను. మరి ఇది?"

"ఇది కూడా."

"మీరు ముందు ఒకసారి చూడరా? నా ల్యాప్‌టాప్‌లో పూర్తిది ఉంది. నేను పక్కనే కూర్చుంటాను, తెరవనా?"

"అక్కర్లేదు తల్లీ. దాన్ని మట్టిలోంచి తీసింది నేనే. జేబు పడకుండా ఫోను పక్కకి జరిపి ఫోటో తీసిందీ నేనే. సరిగ్గా జరపలేదన్నమాట."