హార్లన్ పేరు చెప్పి తలుపు తట్టినవాడు

ఒహాయోలో ఓర్ఫా వంటిల్లు. పక్కింటి వెల్డా వచ్చింది గానీ, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కూర్చోవే వెల్డా, కాఫీ పోస్తాను."

"కాఫీ వద్దు. నిన్న నా తలుపు తట్టినవాడెవడే ఓర్ఫా?"

"నాకేం తెలుసు? నీ తలుపుకి స్టిక్కరుందిగా. అమ్ముకునేవాళ్ళెవరూ తట్టకూడదు, తడితే జరిమానా. టౌను ఆఫీసుకి ఫోన్ చెయ్యి."

"చేశాను. 'తట్టడం వాడి తప్పే, మరి మీరెందుకు తీశారమ్మా' అంది అక్కడి పిల్ల."

"అదే నేనూ అడుగుతున్నా. ఎందుకు తీశావు?"

"కిటికీలు అమ్ముతానంటే తీసేదాన్నా? 'టైర్ల ఫ్యాక్టరీలో మీ ఆయన హార్లన్ గారి దగ్గర పని నేర్చుకున్నానండీ' అన్నాడు. పరిగెత్తానే. ఈ మోకాళ్ళతో పరిగెత్తాను."

"అయ్యో... సంతకం పెట్టేశావా? మూడు రోజుల్లోపు వద్దనొచ్చు, రూలుంది."

"పొద్దున్నే వద్దన్నాను. కిటికీల గొడవ కాదిది."

"మరింకేం, పీడ వదిలింది! ఈ ఆపిల్ పై ఒక ముక్క తిను..."

"వద్దన్నానా! మా ఆయన కుర్చీలో కూర్చోబెట్టానే వాణ్ణి. ఆయన పోయాక అందులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. వాడు ఆయన కబుర్లు చెబుతుంటే, నాకు తెలియని హార్లన్ ఇంకా కొంచెం మిగిలున్నాడని మురిసిపోయాను."

"పేపర్లో చావు కబురు చూసుంటాడు. ఫ్యాక్టరీ పేరు అందులో వేశారుగా."

"ఇంటింటికీ తిరిగి అమ్ముకోడానికి టౌను వాళ్ళిచ్చే పేరు బిళ్ళ వాడి మెడలో ఉంది. కళ్ళజోడు లేక నేను చదవలేదు. ఆ టౌను ఆఫీసు పిల్లే చెప్పింది, ఈ వారం కిటికీలకని బిళ్ళ తీసుకున్నది ట్రెంట్ ఒక్కడేనట. నీ చెల్లెలి కొడుకు."

"వాడికి కొత్త ఉద్యోగం వెల్డా. వీధంతా స్టిక్కర్లే, ఎక్కడ తట్టమంటావు వాణ్ణి? హార్లన్ పేరు చెబితే తీస్తావని... పేరు చెప్పాను, అంతే. పేరొక్కటే."

"పేరొక్కటేనా?"

"నీ మీద ఒట్టు."

"ఆ కుర్చీలో కూర్చుని ట్రెంట్ చెప్పాడు, ఆయన్ని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళాడట. 'రోజూ ఒకావిడ వస్తోందిరా, పెళ్ళి కాకపోతే నేనే చేసుకుంటాను' అన్నాడట హార్లన్."

"వెల్డా..."

"ఆ మాట ఆయన అన్నది నాతో, ఆఖర్లో మతిమరుపొచ్చి నేనెవరో తెలియక. అది నీ ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చాను ఓర్ఫా."