తమలపాకు ప్రమాణం చాలదా

కదలకండి రాజుగారూ. సూది గుచ్చుకుంటే మీరు నన్నంటారు, నేను మీ పొట్టనంటాను. మీ నాన్నగారు ఈ ఊరి రాజుగా ఉన్నప్పుడు కుట్టించుకున్న కోటు ఇది. ఆయన చేపలు తినేవారు. మీరు మీటింగుల్లో పెట్టేవన్నీ తింటున్నారు. బొత్తాం ఊడిందంటే దాని తప్పేముంది?

మధ్యాహ్నం ఒట్టు కోసం హతురేసి ఊరివాళ్ళ పడవలు ఒడ్డుకొచ్చేలోపు కుట్టేస్తాను. అందాకా మీరెటూ పోలేరు కాబట్టి ఒక మాట చెబుతా, వినండి. ఆ సారా గిన్నె తీయించేసి, తమలపాకుల పళ్ళెం పెట్టించండి.

అలా చూడకండి. రెండూ పేలా ఒట్లే కదా. రెండు ఊళ్ళూ తోబుట్టువులమని ఒట్టేసుకోవడమే కదా మనకి కావాల్సింది. తమలపాకు నమిలి తోబుట్టువులైతే ఏం, సోపీ సారాలో వేళ్ళ రక్తం కలుపుకుని తాగి తోబుట్టువులైతే ఏం? తమలపాకు పేలా అయితే మనవాళ్ళు ఆ ఊరివాళ్ళని పెళ్ళాడొచ్చు. రక్తం పేలా అయితే కుదరదు, అన్నాచెల్లెళ్ళు పెళ్ళాడినట్టే. పెద్దల శాపం తగిలి ఒంటినిండా పుళ్ళు లేస్తాయని మా అమ్మమ్మ చెప్పేది. ఎవరెవరికి లేచాయో పేర్లతో సహా చెప్పేది. నాకీ నోరు ఆవిడ పోలికే.

రక్తం పేలా ఒట్టే కావాలన్నది ఇబు లస్త్రీ, అదే మన లస్త్రీ మేడమ్. పాపం, మనకి శాంతి నేర్పడానికి జకార్తా నుంచి వచ్చింది. వచ్చిన కొత్తలో మన పాపెడా జావని పుల్లలకి చుట్టుకోవడం రాక, ఆ జిగురంతా జాకెట్టు మీదే పోసుకుంది. ఉతికింది నేనే. మంచి పిల్లే, కాదనను. సరిహద్దు లవంగతోట కోసం పోయినేడు రాళ్ళు రువ్వుకున్న రెండు ఊళ్ళ కుర్రాళ్ళనీ, తోడొచ్చిన మాలాంటి పెద్దవాళ్ళనీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఎదుటివాడి కళ్ళలోకి కళ్ళు పెట్టి చూడమంది. మా అక్క కొడుకు యోపి లేచి, "ఏ కంటితో చూడమంటారు ఇబు?" అన్నాడు. వాడికి ఆ రాళ్ళలోనే ఒక కన్ను పోయిందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ముందు మనవాళ్ళు నవ్వారు. తర్వాత రాయి వేసిన ఊరివాళ్ళూ నవ్వారు. శాంతి అనేది ఏదైనా వచ్చిందంటే ఆ నవ్వుతోనే వచ్చింది. మీరు ఇచ్చిన ఉపన్యాసంతో కాదు, ఏమనుకోకండి.

ఆ శిక్షణలోనే గోడకి హక్కుల బొమ్మలు అంటించింది. ఒక బొమ్మలో ఆడామగా చేతులు పట్టుకుని నిలబడ్డారు. నచ్చినవాళ్ళని చేసుకోవడం మనిషి హక్కు అని చెప్పింది. నేను ముందు వరసలోనే ఉన్నాను. ఇప్పుడేమో అదే హక్కు మీద సారా పోస్తోంది. అదేంటమ్మా అని అడిగితే, "రక్తం ప్రమాణమైతే ఫొటోలో బావుంటుంది ఫినమ్మా" అంది.

లేదులెండి. "బలంగా ఉంటుంది" అంది. ఫొటో సంగతి నేను కలిపాను.

పాస్టరుగారినీ అడిగి చూశాను. ప్రమాణానికి ముందే పెళ్ళి జరిగిపోతే శాపం తగలదు కదా, పొద్దున్నే కానిచ్చేయండి అన్నాను. ముందు మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళివాళ్ళ పేర్లు చదవాలట. మీ కోడలి పెళ్ళికి ఎన్ని ఆదివారాలు ఆగారో అడుగుదామనుకుని ఊరుకున్నాను. మీ మనవడు నెలలు నిండకుండానే పుట్టాడని ఊరంతా నమ్ముతోంది, మధ్యలో నేనెందుకు?

ఎవరి పెళ్ళంటారా? ఎవరిదైతే ఏం, ఊళ్ళో మనుషులు లేరా? మా అక్క కూతురు కాదు. దానికి ఆంబోన్‌లో పోలీసాయన ఉన్నాడు. ఆ సంగతి ఇంకా మా అక్కకి తెలీదు, మీరూ అనకండి.

నాదే.

దగ్గకండి, సూది లోపలే ఉంది.

ఆయన పేరు ఓనిసిమస్. హతురేసి చర్చి పిల్లనగ్రోవి జట్టులో చివర నిలబడే పొడుగాయన. అవును, శ్రుతి తప్పేది ఆయనే. భార్య పోయింది, పిల్లలు స్థిరపడ్డారు. ఆ కళ్ళలోకి చూసే ఆటలో మా ఇద్దరినీ జత కలిపింది లస్త్రీయే. కుర్రాళ్ళు నవ్వి వదిలేశారు. మేం వదల్లేదు. యాభై దాటిన మనిషిని, నవ్వుకోండి. ఇంకో ఆడదాని సంగతైతే ఈపాటికి వీధి వీధికీ చెప్పి ఉండేదాన్ని. ఈ ఊళ్ళో ఒక్క రహస్యం ఇన్నాళ్ళు దాగిందంటే, అది నాది కాబట్టే.

అందుకే అడుగుతున్నాను. తమలపాకులు నేనే తెచ్చాను. సున్నం, వక్క కూడా ఉన్నాయి.

ఏమన్నారు? యోపి ఏమంటున్నాడా?

వాడి ఊసు ఇప్పుడెందుకు?

నిన్న వచ్చాడు. తమలపాకు సంగతి చెప్పి, సరేననమన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. నేను పెట్టిన చేప తింటూ తాపీగా అన్నాడు. "ఆకైతే నమిలి ఉమ్మేస్తారు పిన్నీ. అవతలి కుర్రాళ్ళూ అదే అంటున్నారు. రక్తం కడుపులోకి పోతే ఎవడూ చెయ్యెత్తడు. ఆకైతే మళ్ళీ లవంగాల కోతకి రాళ్ళు లేస్తాయి. నాకు మిగిలింది ఒక్క కన్ను." అని ఇంకో ముక్క వెయ్యమన్నాడు.

వాడికి తమలపాకే ఇష్టమని మీతో చెబుదామని వచ్చాను. దారంతా అనుకుంటూనే వచ్చాను. ఊరందరి మీదా కల్పించి చెబుతాను కదా, వాడి కంటి మీద చెప్పలేకపోయాను. మీరు అలా మెల్లగా అడగకుండా ఉండాల్సింది.

సరే, సారాయే ఉంచండి. పళ్ళెం నేను తీసుకుపోతాను.

ఆయన పడవ దిగుతూనే నా వైపు చూస్తాడు. చూడనీయండి. గిన్నె ఆయన దాకా వస్తుంది, తాగుతాడు. తాగాక నాకు అన్న అవుతాడు. పేలా చెల్లెలు ఏదడిగినా అన్న కాదనకూడదు, అది కూడా పెద్దల మాటే కదా. రేపే పిలిచి మా ఇంటికి కొత్త ఆకుల కప్పు వేయమంటాను. అదే మొగుడయ్యుంటే ఏళ్ళ తరబడి వేస్తానంటూనే ఉండేవాడు.